పలక పట్టినంత కథ

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో దిల్షాద్ బేగం పని రాయడమూ తుడవడమూ. చట్రం బిగించిన ప్రతి పలక మీదా బలపంతో ఏదో ఒకటి గీసి చూడాలి. గీత తెల్లగా పడాలి, తడిగుడ్డ పెడితే మచ్చ లేకుండా పోవాలి. అలా నెగ్గిన పలకను పక్కనున్న సువార్తమ్మకు అందిస్తే, ఆమె మధ్య మధ్య పాత కాగితం వేసి అట్టపెట్టెలో సర్దుతుంది. మిగతా ఆడవాళ్లు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీసి ఊరుకుంటారు. దిల్షాద్ మాత్రం కథ రాస్తుంది. గీసి చూడమన్నారు గాని ఫలానాదే గీయమని ఎవరన్నారు!

ఈ పిచ్చి ఆ పాత కాగితాల వల్లే పట్టుకుంది. అవి తూకానికి కొన్న వారపత్రికలు. పెట్టెలోకి పోయేలోగా కంటబడిన పేజీని కంటబడినట్టు చదివేది. ఒక పేజీలో కొత్త కోడలు బావిలోకి బిందె జారవిడుస్తుంది. తరువాతి పేజీ ఏ ఊరి బడికి, ఏ పలకల మధ్య నలుగుతూ వెళ్లిపోయిందో! బిందె దొరికిందో లేదో తెలియక దిల్షాద్‌కు అన్నం సహించలేదు. చివరికి తానే ఆ బిందెను పైకి తీసింది, పలక మీద. తీసి సువార్తమ్మకు చదివి వినిపించింది.

సువార్తమ్మకు చదువు రాదు. తర్లుపాడు అవతలి పల్లె నుంచి రోజూ ఆటోలో వస్తుంది. చర్చిలో పాటలన్నీ పుస్తకం లేకుండానే పాడుతుంది. చెవిన పడి మనసుకు పట్టింది ఇక పోదు. అయితే కథ నచ్చకపోతే మొహమాటపడే మనిషి కాదు, ఆవులిస్తుంది. వాన, వెన్నెల, పూలు అని దిల్షాద్ మొదలుపెట్టిందంటే చాలు, నోరు ఇంత తెరిచేది.

"ఏందమ్మాయ్, ఆ మబ్బులు పక్కన పెట్టు. మనిషి ఏం జేసిందో చెప్పు" అనేది. పత్రికలో చూసి నేర్చిన బరువైన మాట వాడితే, "ఈ మాట ఎవురిది? నీదైతే కాదు" అనేది. ఇంతకన్నా గట్టి సంపాదకుడు ఏ పత్రికాఫీసులోనూ ఉండడు.

మూడు నాలుగు వాక్యాలకే పలక నిండిపోతుంది. వెంటనే తుడిచేయాలి. ఒక్క దండగ మాట పెట్టినా కావలసిన మాటకు చోటుండదని దిల్షాద్‌కు ఎవరూ చెప్పలేదు, పలకే చెప్పింది. కథ ఎక్కడ ఆగిందో మర్నాడు సువార్తమ్మ గుర్తుచేసేది. ఆమె మరిచిపోయిన ముక్కను దిల్షాద్ కూడా వదిలేసేది. ఆమెకే గుర్తులేని ముక్క ఉండి ఏం లాభం? అలా ఇన్నేళ్ల కథలూ ఏ కాగితం మీదా లేవు. అన్నీ సువార్తమ్మ దగ్గరే ఉన్నాయి.

వాటిలో ఒకటి ఏళ్ల తరబడి సాగింది. పాతబడి నీళ్లు నిండిన పలకరాతి గని దగ్గరికి రోజూ ఒకామె వస్తుంది. చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంటుంది. "బేటీ" అని నీళ్లలోకి కూతుర్ని పిలుస్తుంది. గని కూడా "బేటీ" అంటుంది. ఎవరో బదులు పలికారనుకుని ఆమె పొద్దువాలేదాకా కబుర్లు చెబుతుంది. ఆమె దిల్షాద్ తల్లి. దిల్షాద్ పాలు మరవక ముందే పోయింది. ఫోటో లేదు. ఎలా ఉండేదని అడిగితే తండ్రి అబ్దుల్ రెహమాన్ కళ్లు తుడుచుకునేవాడే తప్ప ఒక్క మాట చెప్పేవాడు కాదు. ఆయనా పోయాడు. పలక మీద ఆమె చీర రంగు పడింది, నడక పడింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ పలక నిండిపోయేది.

ఒకరోజు సువార్తమ్మ చల్లగా చెప్పింది. "శనివారం దాకే వస్తా. మా కూతురు గ్రేస్ డ్యూటీకి పోతే పాపను చూసేవాళ్లు లేరంట. గిద్దలూరు పోతుండా."

దిల్షాద్ చేతిలో బలపం ఆగిపోయింది. సువార్తమ్మ మీద బెంగ ఒకవైపు. అంతకు మించిన బెంగ ఇంకొకటి. ఆమెతో పాటు కథలోని అమ్మీ కూడా బస్సెక్కి వెళ్లిపోతుంది. తల్లి రెండోసారి పోయినట్టే.

ఆ సాయంత్రమే తెల్లకాగితాలు కొనుక్కుని కూర్చుంది. కథలో ఏం జరిగిందో తెలుసు. తాను ఎలా చెప్పిందో మాత్రం చేతికి రావడం లేదు. తుడవడానికి వీల్లేని కాగితాన్ని చూస్తే భయం. ఆ భయానికి పత్రికల్లోని పెద్ద పెద్ద మాటలన్నీ వచ్చి వరసగా కూర్చున్నాయి. మర్నాడు చదివి వినిపిస్తే సువార్తమ్మ ఆపుకుందామనుకుంది గాని ఆపుకోలేక ఆవులించింది.

శనివారం అన్నాలు తిన్నాక దిల్షాద్ ఆమె ఎదురుగా కాగితాలు పెట్టుకుని కూర్చుంది. "నువ్వు చెప్పక్కా. నేను రాసుకుంటా."

"నీ కథ నేను చెప్పేదేంది?"

"నా దగ్గర లేదక్కా. నీ దగ్గరే ఉంది."

సువార్తమ్మ కళ్లు మూసుకుంది. షెడ్డు కిటికీలోంచి పడే ఎండలో రాతిపొడి తేలుతోంది. ఆమె పాట అందుకున్నట్టు మొదలుపెట్టింది. గని వచ్చింది, గట్టు వచ్చింది, విడిచిన చెప్పులు వచ్చాయి. దిల్షాద్ చెయ్యి తడుముకోకుండా నడుస్తోంది.

"కూకున్నాక ఆమె నవ్వుతాది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాది. కనుబొమలు రెండూ కలిసి ఉంటాయి. ఎడమ బుగ్గన సొట్ట..."

దిల్షాద్ ఆగింది. "ఇది నేనెప్పుడు రాశానక్కా?"

"నువ్వు రాయలేదు" అంది సువార్తమ్మ కళ్లు తెరవకుండానే. "ఇన్నేళ్లు వింటే నా కండ్ల ముందుకు ఒక మనిషి రాకుండా ఉంటాదా? మొదటి దినం నుంచీ ఆమె అట్లనే ఉంది. అచ్చం నీ మాదిరి."

దిల్షాద్‌కు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. చెయ్యి తనంతట తానే కొంగును నోటిదాకా తెచ్చింది. అలవాటు కొద్దీ పక్కనున్న పలకను తడిగుడ్డతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. అది తడి మీద నల్లగా మెరుస్తోంది. అందులో కలిసిన కనుబొమలతో ఒకామె మసకగా ఆమె కేసి చూస్తోంది.

"బేటీ" అంది దిల్షాద్, ఎవరికీ వినబడకుండా.

పలక అంచుల నుంచి ఆరుతూ వస్తోంది. తడి పూర్తిగా ఆరేలోగా ఆ ముఖాన్ని రాసుకోవాలని గబగబా కాగితం దగ్గరికి లాక్కుంది. సువార్తమ్మ ఆవులించలేదు.