పళ్ల ఫర్నేస్‌లో మూడు గాజు పలకలు

అశోక్ నగర్‌లోని మా హాస్టల్‌లో పోటీ పరీక్షకు చదవనివాణ్ణి నేనొక్కణ్ణే. పరిశోధన విద్యార్థిగా నా పని వెలుతురుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడం. గాజు పలక మీద టైటానియం ఆక్సైడ్ పూత పూసి, ఫర్నేస్‌లో కాల్చి, నీళ్లలో నిలబెట్టి దీపం వేయాలి. వెలుతురు తగిలితే ఆ పూతే నీటిని విడగొడుతుంది. ముందు అది గాజును అంటుకుని ఉండాలి కదా. నా పూత నీళ్లలో ఐదు నిమిషాలకే పాత గోడ సున్నంలా పొరలుగా లేచిపోయేది.

కారణాలు వరసగా రాసుకున్నాను. ఒకటి, గాజు సరిగ్గా కడగలేదు. రెండు, పూత మందమైంది. మూడు, పూతలో కలిపే జిగురు ఎక్కువైంది. ఒక్కొక్కటే మార్చి చూసి మూడూ కొట్టేశాను. బుధవారానికల్లా నిలిచే పూత చూపించకపోతే పరిశోధన అంశమే మార్చుకోమన్నారు మా గైడ్. శుక్రవారం మా ల్యాబ్ ఫర్నేస్ కూడా పాడైంది.

నారాయణగూడలో ఒక సందులో కట్టుడు పళ్లు చేసే చిన్న ల్యాబ్ ఉంది. పింగాణీ పళ్లు కాల్చడానికి వాళ్లకూ ఫర్నేస్ ఉంటుందని విని, శనివారం పొద్దున్నే మూడు పలకలు డబ్బాలో పెట్టుకుని చిక్కడపల్లి మీదుగా నడిచి వెళ్లాను. పళ్లు చేసే అన్న మాస్కు కిందికి లాగి డబ్బాలోకి చూశాడు.

“ఏంది తమ్మీ, గాజు పండ్లా?”

“కాదన్నా, పైన పూత ఉంది. నాలుగు వందల యాభై డిగ్రీల్లో అరగంట కాల్చాలి.”

“ఇనుము గిట్ల ఉన్నదా దాంట్ల? జర తగిలినా నా పండ్లు పసుపైతయ్. సోమవారం ఒక పెళ్లిపిల్ల వస్తది పండ్లకు. నన్ను కొడ్తది.”

“లేదన్నా, టైటానియం ఒక్కటే.”

“గదైతే మాక్కూడ దోస్తే, పండ్లల్ల మేం గూడ వాడ్తం. తీయ్ బయటికి.”

ఫర్నేస్ వేడెక్కగానే పటకారుతో పలకను లోపల పెట్టబోయాను. అతను చటుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు! పచ్చిదాన్ని గట్లనే వేడిల దూరుస్తవా? రోజూ గిదే పనా?”

“ఫ్యాన్ కింద ఆరబెట్టానన్నా.”

“పైన ఆరింది. లోపటి తడి ఎటు పోవాలె? పూతను పగలగొట్టుకోనే వస్తది. నేను నేర్చుకునేటప్పుడు ఎన్ని పండ్లు ఖరాబు జేసిన్నో మా ఉస్తాద్‌కే ఎరుక.”

ఫర్నేస్ తలుపు తెరిచి, సెగ మాత్రమే తగిలేంత దూరంలో మూడు పలకలనూ పెట్టాడు. పూత మీంచి సన్నగా ఆవిరి, ఆ తర్వాత జిగురు పొగ లేచాయి. రెండూ ఆగాక లోపలికి జరిపి, వేడిని మెల్లగా పెంచాడు. నేను వాచీ చూసి నిమిషాలు రాస్తుంటే నవ్వాడు.

“టైమ్ గాదు తమ్మీ, పొగ జూడు.”

పలకలను చల్లారేదాకా తియ్యనివ్వలేదు. ఈలోగా రెండు టీలు తాగాం.

బుధవారం గైడ్ ఎదురుగా ఒక పలకను నీళ్లలో పెట్టి దీపం వేశాను. ఐదు నిమిషాలు. పది. గంట. పూత కదల్లేదు. దానికి కలిపిన ప్లాటినం తీగ మీద మాత్రం ఆవగింజంత హైడ్రోజన్ బుడగలు ఒక్కొక్కటే పుట్టి పైకి పోతున్నాయి. గైడ్ కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు.

“అంశం మార్చక్కర్లేదు. ఇలాంటివే ఇంకో పది చేసుకురా.”

సాయంత్రం పది పలకలతో నారాయణగూడలో దిగాను.

“పది తెచ్చినవా!” అన్నాడు అన్న డబ్బా చూసి. “నేను పండ్లు చేసుకోవాల్నా వద్దా? ఐదు ఇయ్యాల, ఐదు రేపు. టీ నీదే.”