ఫ్లెక్సీ మీద మా పక్కింటామె

సెలవు మీద ఇంటికొచ్చారు కదా, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి అని దిగిన రోజు అందరూ అన్నారు. ఏం విశ్రాంతో ఏమో. మా ఆయనా నేనూ మలావీ దేశంలో మిషనరీలుగా ఉంటాం. కొన్నేళ్లకోసారి కొన్ని నెలల కోసం సిద్దిపేటకు వస్తాం. ఆ కొన్ని నెలలూ ఆదివారం ఒక మందిరంలో, శుక్రవారం ఒకరింట్లో కూడిక. ఆయన వాక్యం చెప్పాలి, నేను సాక్ష్యం చెప్పాలి, మా పాప అక్కడి భాషలో పాట పాడాలి. అది అయ్యాక భోజనాల దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి.

"ఆ దేశంల జనం ఏం తింటరక్కా?" అని చిన్నకోడూరులో ఒకావిడ నాకు కోడికూర వడ్డిస్తూ అడిగింది.

"మక్కపిండితోని గట్క వండుకుంటరు. కూరల అద్దుకొని తింటరు."

"అయ్యో, పాపం."

ఎందుకు పాపం? ఆవిడ నాయనమ్మా, మేం అవ్వ అని పిలిచే మా అమ్మా పెరిగింది ఆ మొక్కజొన్న గట్క మీదే కదా. సన్నబియ్యం అన్నం మన కంచాల్లోకి ఎప్పుడొచ్చిందో అప్పుడే మరిచిపోయామా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నవ్వి ఊరుకున్నాను. సెలవు మీద వచ్చిన మిషనరీ భార్యకు నవ్వడమే సగం ఉద్యోగం.

ఇదంతా భరించాను. భరించలేనిది మా సొంత సంఘంలోనే జరిగింది.

మమ్మల్ని పంపిన సంఘం సిద్దిపేటలోనే ఉంది. అక్కడి పాస్టరయ్యగారు నాకు బాప్తిస్మమిచ్చిన మనిషి, మంచివాడు. మా కోసం కృతజ్ఞత కూడిక పెట్టి, వేదిక వెనక కట్టే ఫ్లెక్సీకి ఒక ఫొటో కావాలని ఇంటికొచ్చారు. నేను సంతోషంగా ఫోన్ తీసి మా పక్కింటామె ఫొటో చూపించాను.

ఆమె అక్కడి బడిలో టీచరు. వాళ్లు తాతల కాలం నుంచీ క్రైస్తవులు. ఆ భాషలో నాకు మొదటి మాటలు నేర్పింది ఆమే. నాకు మలేరియా వచ్చి లేవలేని స్థితిలో ఉంటే నా తల కడిగి, జడ వేసి, మా పాపను తన పిల్లల మధ్య పడుకోబెట్టుకుంది. మేము బయల్దేరే ముందు ఆమె సంఘపు స్త్రీలు వేసుకునే తెల్ల జాకెట్టు, నల్ల స్కర్టు బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసుకుని, తలకు తెల్ల గుడ్డ కట్టుకుని, తమ మందిరం ముందు నిలబడి ఫొటో తీయమంది. "మీ అమ్మకు, మీ సంఘానికి నన్ను ఇలాగే చూపించు" అంది. చూపిస్తానని చేతిలో చెయ్యి వేశాను.

అయ్యగారు ఆ ఫొటోను అటూ ఇటూ జరిపి చూశారు.

"మంచిగనే ఉన్నదమ్మా. కానీ ఈమె మన టీచరమ్మల లెక్కనే ఉన్నది."

"టీచరే అయ్యగారూ."

"గట్ల కాదు బిడ్డా. చూడంగనే మనసు కరగాలె. గింత మంచిగున్నోళ్లకు మనం మిషనరీలను ఎందుకు పంపినమని అడుగుతరు."

"వాళ్ల సంఘమే పిలిచింది. మా ఆయన వాళ్ల పాస్టర్లకు పాఠాలు చెప్పనీకె పోయిండు. గదే చెప్పుండ్రి."

"సరే తియ్యి, నీ ఇష్టం" అని ఆ ఫొటో తన ఫోన్‌కు పంపించుకుని లేచి వెళ్లారు.

అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న మా అవ్వ అంతా వింటూ ఉంది. ఆయన వెళ్లాక తలెత్తకుండానే చెప్పింది. అవ్వ చిన్నప్పుడు వాళ్ల ఊరికి మిషన్ నుంచి తెల్ల దొరసాని కెమెరాతో వచ్చిందట. ఫొటో అనగానే అవ్వ తల దువ్వించుకుని, క్రిస్మస్‌కు కుట్టించిన గౌను తొడుక్కుని పరుగెత్తింది.

"ఆమెతోని వచ్చినాయిన ఆ గౌను ఇప్పుమన్నడు. పొలంలకు ఏసుకపోయే చినిగిన గౌను తొడుక్కొని రమ్మన్నడు. జుట్టు గూడ ఆయినే చెరిపిండు. ఏ దేశంల జూపిచ్చిన్రో ఏమో, నన్ను."

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేను ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచాను.

ఆదివారం మందిరంలో అడుగుపెట్టగానే అది కనబడింది. వేదిక వెనక నిలువెత్తు ఫ్లెక్సీ. పైన గుండ్రంగా మా కుటుంబం, పట్టుబట్టల్లో నవ్వుతూ. కింద మా పక్కింటామె. నేనిచ్చిన ఫొటో కాదు. వానలకు వాళ్ల ఇల్లు కూలిన రోజు, మోకాళ్ల దాకా బురదలో, చినిగిన పాత చొక్కాతో, గిన్నెలు ఏరుకుంటున్న ఫొటో. ప్రార్థన చేయమని మా ఆయన అప్పట్లో మా వాట్సాప్ ప్రార్థన గ్రూపులో పెట్టిన ఫొటో అది. దాని పక్కన పెద్ద అక్షరాలు: చీకటిలో ఉన్న ఆత్మలు.

ఎవరు చీకట్లో ఉన్నది? మోకాళ్ల మీద నాకోసం రాత్రుళ్లు ప్రార్థించిన ఆమెనా? నేను అయ్యగారి దగ్గరికి వెళ్లి అడిగాను.

"మీ గ్రూపుల ఉన్న ఫొటోనే కదమ్మా. ఇప్పుడు పంచాయితీ పెట్టకు, జనం వస్తున్రు."

మా ఆయన తల దించుకున్నాడు. ఆయన మీద కూడా ఒళ్లు మండింది.

పాటలయ్యాయి, వాక్యమయింది. అయ్యగారి భార్య నా భుజాల మీద జరీ శాలువా కప్పి, చేతికి మైకిచ్చి, రెండు మాటలు చెప్పమంది.

"ఈమె మా పక్కింటామె" అన్నాను. "టీచరు. మన కన్నా ముందు నుంచి దేవుణ్ణి నమ్ముకున్నోళ్లు. ఇల్లు కూలిన నాడు తీసిన ఫొటో గిది. మన ఇల్లు కూలిన నాడు మనలను ఫొటో తీసి ఎవరన్న గోడకు కడితె ఊకుంటమా?"

ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు గడియారం వైపు చూశారు. ఇచ్చిన మాట ఎలాగూ పోయింది, ఆమెను ఇంకొక్క క్షణం కూడా అలా చూడనివ్వకూడదనిపించింది. శాలువా తీసి ఫ్లెక్సీ మీద, ఆమె తల మీదుగా వేయబోయాను. అది జారిపోయింది. మళ్లీ వేశాను.

ఆడవాళ్ల చాపల మీద నుంచి అవ్వ లేచింది. నెత్తి మీది కొంగు సవరించుకుంటూ వేదిక ఎక్కి, నా చేతిలోంచి శాలువా తీసుకుంది.

"మొఖం ఎందుకు కప్పుతవ్ బిడ్డా? ఆమె ఏం తప్పు చేసింది?"

గాజులకున్న పిన్నీసులు తీసింది. శాలువాను ఫొటోలోని ఆమె గడ్డం కిందుగా పట్టి, రెండు భుజాల దగ్గరా పిన్నీసులు గుచ్చింది. చినిగిన చొక్కా, బురద అన్నీ జరీ కిందికి పోయాయి. ముఖం మాత్రం అందరికీ కనబడుతోంది. అవ్వ కొంచెం వెనక్కి జరిగి చూసుకుంది.

"నా ఫొటోకు ఎవ్వలు కప్పలే" అంది, నాకు మాత్రమే చెబుతున్నట్టు.

మైకు నా చేతిలోనే ఉంది. ఆ మాట మందిరమంతా వినబడింది.