అమ్మా అనే చోట గాష్

మా తోడికోడలు మా ఇంటికి వస్తూ వస్తూ ఒక మాట వెంట తెచ్చుకుంది. పొయ్యి మీద పాలు పొంగితే గాష్. చేతిలో గిన్నె జారితే గాష్. హుస్సేనీ ఆలంలో మా పాల దుకాణం ముందు రెండు ఆటోలు రాసుకుని డ్రైవర్లు లొల్లి పెట్టుకుంటే, కౌంటర్ వెనక నుంచి మెల్లగా మళ్ళీ గాష్. అరిచేది కాదు. వేడి చాయ్ ఊదుకున్నట్టు పెదవుల చివరి నుంచి అనేది. అది వినబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఆమె క్రిస్టియన్ల పిల్ల. తండ్రి సర్కారు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. బహదూర్‌పురాలో చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా ఉండేది. ఆ బడి పక్క హోటల్‌కు పాలు పోయడానికి వెళ్ళి వెళ్ళి మా మరిది మనసు పారేసుకున్నాడు. మా అత్తమ్మ ఇల్లు పీకి పందిరేస్తుందని నేను ఎదురుచూశాను. కొన్నాళ్ళు మొహం ముడుచుకుని, ఆ తర్వాత కోడలిని నెత్తిన పెట్టుకుంది.

మా దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. పాలు అయిపోతే అయిపోయినయి అనకూడదు. ఆ మాట వింటే లక్ష్మి లేచి వెళ్ళిపోతుందని మా అత్తమ్మ భయం. నిండుకున్నయి అనాలి. నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒకసారి నోరు జారితే ఆ పూటంతా అత్తమ్మ నాతో మాట్లాడలేదు. మర్నాడు జల్‌పల్లిలోని మా బర్రెల కొట్టంలో ఒక బర్రె పాలు చేపకపోతే అదీ నా నోటి పుణ్యమేనంది. ఈమె వచ్చిన కొత్తలోనే పాల కోసం వచ్చిన ఒక ముసలాయనతో, 'ఖతం హోగయా చాచా', అయిపోయినయని నిక్షేపంగా చెప్పేసింది. నేను లోలోపల పండగ చేసుకుంటూ అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ నవ్వింది.

"అట్లనద్దు బిడ్డా. నిండుకున్నయి అనాలె."

బిడ్డా అట. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో పాలు కాస్తున్నా, నన్ను ఒక్కనాడు బిడ్డా అన్న పాపాన పోలేదు.

సరే, అత్తమ్మను కొంగున కట్టుకుంటే కట్టుకోనీ అనుకున్నాను. కానీ నా కూతురి దగ్గరికి వచ్చేసరికి ఓర్చుకోలేకపోయాను. అప్పుడు అది ఒకటో తరగతి. బడి నుంచి రాగానే సంచీ నా మీద పడేసి చిన్నమ్మ పక్కన చేరేది. చిన్నమ్మ లెక్కలు చెప్తుంది, చిన్నమ్మ బొమ్మలు గీస్తుంది, చిన్నమ్మ జడ వేస్తే నొప్పి పుట్టదు. ఆ పిలుపులో కూడా అమ్మ ఉందే అని నాకు కడుపుమంట.

ఒకరోజు నేను వాకిట్లో పాలు వడకడుతున్నాను. పిల్ల పరుగెత్తుకొస్తూ గడపకు కాలు కొట్టుకుంది. ఆ చప్పుడుకే సగం లేచాను. తర్వాత ఏం వినబడుతుందో నాకు తెలుసు కదా.

"ఓ గాష్," అంది నా కూతురు. బొటనవేలు తనే రుద్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జాలీ చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. దెబ్బ తగిలినా, భయమేసినా, బల్లి మీద పడ్డా మన నోట వచ్చేది అమ్మే. ఆ పిలుపు వింటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి ఉరికేదాన్ని. ఇప్పుడు నా జాగాలో ఆ మాట కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆ మాటకు ఏదో చెడ్డ అర్థం ఉండే ఉంటుందని, దొరికితే అత్తమ్మ ముందు పెట్టొచ్చని ఫోన్‌లో వెతికాను. అయ్యో, అబ్బో, ఓరినాయనో, అన్నిటికీ అదొక్కటేనట. పుట్టుక చూస్తే, దేవుడి పేరు ఊరికే నోట్లో వేసుకోవడం పాపమని భయపడి, గాడ్ అనబోయి గాష్ దగ్గర ఆపేసుకున్నారట ఇంగ్లీషువాళ్ళు. తిట్టు దొరుకుతుందనుకుంటే భక్తి దొరికింది. అదీ మా నిండుకున్నయి లాంటిదే, నోట రాకూడని మాటకు అడ్డం పెట్టిన మాట. నాకు ఇంగ్లీషువాళ్ళ మీద కూడా కోపం వచ్చింది.

అయినా ఊరుకోలేదు. సాయంత్రం ఆమె పాల క్యాన్లు కడుగుతుంటే దగ్గరికి వెళ్ళి, "చెల్లె, నువ్వనేది దేవుని పేరేనట గద. జర మార్చి అంటే పాపం పోతదా?" అన్నాను.

"ఎర్కనే అక్కా," అంది తల ఎత్తకుండా. చిన్నప్పుడు ప్రతిదానికీ ఓ గాడ్ అంటుంటే వాళ్ళమ్మ మూతి మీద ఒకటి వేసి, దేవుణ్ణి ఉత్తగ పిలవద్దు, అంతగా నోరు ఊరుకోకపోతే గాష్ అనుకో అని నేర్పిందట. పెళ్ళయినప్పటి నుంచి ఆ తల్లి ఫోన్ ఎత్తడం లేదు.

"అది అన్నప్పుడల్లా మా అమ్మ పక్కన నిలబడ్డట్టుంటది అక్కా."

జాలిపడాల్సిన చోటే. కొంచెం పడ్డాను కూడా. కానీ, నీ తల్లిని తెచ్చి నా బిడ్డ నోట్లో ఎందుకు కూర్చోబెట్టావనే మంట మాత్రం చల్లారలేదు. పైకి మాత్రం అట్లనా అని, ఒక క్యాన్ అందుకుని తోమడం మొదలుపెట్టాను.

తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం దుకాణం మూస్తున్నాం. మగవాళ్ళు జల్‌పల్లిలో ఉన్నారు. తుప్పు పట్టిన షట్టర్ ఆమె లాగుతుంటే ఒక్కసారిగా జారి వేళ్ళ మీద పడింది.

"అమ్మా," అంది.

నేను ఎప్పుడు ఉరికానో నాకే తెలియదు. షట్టర్ పైకెత్తి, ఆమె చేయి లాగి, ఐసు నీళ్ళలో ముంచి పట్టుకున్నాను. ఆమె నా భుజం మీద మొహం పెట్టి అమ్మా, అమ్మా అని ఏడుస్తూనే ఉంది. పిలిచింది నన్ను కాదని తెలుసు. అయినా ఆమె అన్నప్పుడల్లా నా నోరు ఆఁ, ఆఁ అని పలుకుతూనే ఉంది.

నా కూతురు ఫ్రిజ్ పక్కన నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. దాని మూతి ముడుచుకుంది, కళ్ళు చిన్నవయ్యాయి. ఆ మొహం నాకు కొత్తేమీ కాదు. ఆ ఇంట్లో అన్నాళ్ళుగా నేను పెట్టుకుని తిరిగిన మొహమే. మెల్లగా వచ్చి మా ఇద్దరి మధ్య దూరి, నా కొంగు గట్టిగా పట్టుకుని, ఏ దెబ్బా తగలకుండానే "అమ్మా" అంది.