ఇంజనులో పోసిన మొక్కుబడి ఆముదం

మొన్న కడపకు పోతూ మనవడి కారులో ముందు సీట్లో కూర్చున్నాను. స్టీరింగు వెనక నూనెడబ్బా బొమ్మతో ఒక చిన్న దీపం వెలిగింది. "నూనె తగ్గినట్లుండాది, ఆపు నాయనా" అన్నాను. "సెన్సారు ఊరికే అట్ల చూపిస్తాంటాదిలే అవ్వా, నీకు తెలీదు" అన్నాడు. ఆ దీపం గురించి నాకు తెలీదనిపించుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి అన్నది మా అత్త. ఆ రోజు తేదీ తప్ప తక్కినదంతా నాకు గుర్తుంది.

అప్పుడు కర్నూలు రాజధాని. కోవెలకుంట్ల దగ్గరి పల్లెకు నేను కోడలిగా వచ్చి ఏడాది కాలేదు. మా మామ ఎవరో దొర అమ్ముకుపోయిన పాత కారు కొని, పసుపు కుంకుమ పెట్టి, గొడ్ల కొట్టం పక్కనే దానికీ ఒక కొట్టం వేయించాడు. ఎద్దులకు వేళ తప్పకుండా దాణా పెట్టే మనిషి, కారుకు పెట్రోలు తప్ప వేరే తిండి ఉంటుందంటే ఒప్పుకునేవాడు కాదు. ఇక అత్త సంగతి. రాగిసంకటి ముద్దలో అందరికీ నెయ్యికి పెద్ద గుంత చేసి, నా ముద్దకు మాత్రం చిన్న గుంత చేసేది. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఆ వేసవిలో ఒక పొద్దున నా పెనిమిటి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. ఊరి వైద్యుడు చెయ్యి వేసి చూసి, పేగు పగిలేలోగా కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చమన్నాడు. వెనక సీట్లో ఆయన తల నా ఒళ్లో. ముందు మామ, పక్కన అత్త, ఆమె కాళ్ల దగ్గర డబ్బా నిండా ఆముదం. తన చేలో పండిన గింజలు తనే వేయించి, దంచి, వండి దాచుకున్న నూనె. కొడుకు బతికితే దాంతో అహోబిలం నరసింహస్వామికి దీపాలు పెడతానని మొక్కుకుని, ఆసుపత్రి నుంచి నేరుగా కొండకే పోవాలని వెంట తెచ్చింది.

నంద్యాల దాటాక మామ ఎదురుగా ఎర్రటి దీపం వెలిగింది. అత్త చేతులు జోడించింది. "చూడండి, దీపం వెలిగింది. స్వామి మనతోనే ఉండాడు."

నేను ఊరుకోలేకపోయాను. "అది నూనె లేదని చెప్పే దీపం అత్తా. బస్సు తోలే మా చిన్నాయన చెప్పినాడు."

"వెలిగే దీపాన్ని చూసి నూనె లేదంటావా? నీకేం తెలుసు, నోరు మూసుకో మ్మే!"

మామ నవ్వాడు. ఆ నవ్వు కూడా గుర్తుంది.

ఓర్వకల్లు బండలు కనబడేసరికి ఇంజను రోకలితో దంచినట్లు కొట్టుకోసాగింది. మామ బండి ఆపి, బానెట్టు ఎత్తి, నూనె కొలిచే కడ్డీ లాగి చూస్తే ఎండిపోయి ఉంది. నూనె దొరికేది కర్నూల్లోనే. రోడ్డు మీద ఇంకో బండి జాడ లేదు. నా ఒళ్లో మూలుగు సన్నబడుతోంది. అత్త ఒక్కసారి కొడుకు ముఖం చూసి, ఆముదం డబ్బా మూత పీకింది.

"దేవుని నూనె అది!" అని మామ అడ్డం వచ్చాడు.

"స్వామి ఉగ్రుడే గానీ ఓర్చుకుంటాడు. నా కొడుకు ఓర్చుకోలేడు. పక్కకు జరుగు."

కాలే ఇనుము మీద కొంగు మడిచి వేసుకుని, ప్రమిదలో పోసినట్లే, బొట్టు ఒలకకుండా పోసింది. అంత నిబ్బరం ఆ తర్వాత నేను ఏ మనిషిలోనూ చూడలేదు. ఇంజను అందుకుంది, దీపం ఆరింది. ఆరిన దీపానికీ ఆమె దండం పెట్టింది. "ఇదేం దీపమమ్మా! నూనె పోస్తే ఆరిపోతాది, లేకుంటే వెలుగుతాది" అని గొణిగింది తప్ప, కోడలు చెప్పింది నిజమేనని ఒక్క మాట అనలేదు. కర్నూలు చేరేదాకా కారు పొగంతా పసిబిడ్డకు ఆముదం రాసి నలుగు పెట్టిన వాసన. వేళకు తెచ్చారన్నారు డాక్టర్లు, కోసి బతికించారు. ఇంజను జిగురుపట్టిపోయిందని మామ నెలంతా సణిగాడు. అత్త చెవిన పెట్టలేదు.

ఆయన లేచి తిరిగాక అహోబిలం పోయాం. ఈసారి రెండింతల ఆముదం, ఆ డబ్బా కొండ కింది నుంచీ నా నెత్తిన. అదీ మరిచిపోలేదు. గుడి ముందర ప్రమిదలు పేర్చి, వత్తులు వేసి, అగ్గిపెట్టె నా చేతికిచ్చింది. "నువ్వు ముట్టించు మ్మే. దీపం మాట నీకే తెలుసు" అంది, ఎటో చూస్తూ.

మొన్న మనవడి చేత కారు ఆపించి, నూనె కొలిచే కడ్డీ తీయించాను. కొసన తడి లేదు. వాడు తల గోక్కుంటూ నిలబడ్డాడు. అత్త మీద నా కోపాలు ఒక్కటీ తరగలేదు, నెయ్యి గుంతతో సహా. వాటిని ఆమె మొహాన అనేసి, మళ్లీ ఒకసారి నోరు మూసుకో మ్మే అనిపించుకుందామంటే, ఆమె లేని కాలమే ఆమె ఉన్న కాలం కంటే ఎక్కువైపోయింది.