సరే అనని రోజు

మా బావ తలపుకొస్తే నాకు ముందు వినబడేది "సరే" అనే మాట. తొర్రూరులో విత్తనాల దుకాణంలో గుమస్తా ఆయన. సేటు తిట్టినా, అక్క కసిరినా సరే అనేవాడు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ వస్తే మాత్రం ఆయన కళ్లు మెరిసేవి. బస్సులూ లారీలూ తిరగని వరంగల్ రోడ్డు మీద దోస్తులతో బైకు పందేలు వేసేవాడు.

ఒక పందెంలో ఆయన దోస్తు కల్వర్టుకు గుద్దుకొని చనిపోయాడు. మళ్లీ బంద్ వచ్చిన పొద్దున అక్క బండికి అడ్డం నిలబడింది.

"పోకు. నీ కాళ్లు మొక్కుత."

బావ సరే అంటాడనే అనుకున్నాను.

"పోత" అన్నాడు మెల్లగా. "దినమంత తలకాయ ఊపుడే నా బతుకు. గా బండి మీదున్నంతసేపే నా మాట నడుస్తది."

"సచ్చిపోతే?"

ఆయన బండి పక్కకు తిప్పుకొని వెళ్లిపోయాడు.

అక్క వాకిట్లోనే కూర్చుంది. ఏ బండి చప్పుడు విన్నా ఉలిక్కిపడి లేచేది. నేను పెట్టిన అన్నం ముట్టలేదు.

మధ్యాహ్నం బావ వచ్చాడు. మోచెయ్యి చెక్కుకుపోయి చొక్కా నిండా రక్తం. అక్క ఏడుస్తూ, తిడుతూ గాయం కడిగింది. కట్టు కడుతూ మధ్యలో ఆగి, ఆయన ముఖంలోకి చూసింది.

"ఇంతకు గెలిచినవా?"