నాంపల్లి ద్రాక్షారసం

మా పెద్దమ్మ పోయింది. మొన్న ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరబోతూ, చెప్పులు వేసుకుందామని మంచం మీద కూర్చుని, అట్లాగే ఒరిగిపోయింది. డాక్టరును పిలుచుకొచ్చేసరికి చేతులు చల్లబడ్డాయి. నొప్పి తెలియని చావు, పుణ్యాత్మురాలు అని వచ్చినవాళ్లందరూ అన్నారు. ఆ మాటకు నా ఒళ్లు మండింది. ఆమెను దొంగసారా కాచే ముసలిదన్న నోళ్లు కూడా వాటిలో ఉన్నాయి.

అందుకే ఇది కోపంతో రాస్తున్నాను. చదివేవారు మన్నిస్తే సంతోషం. మన్నించకపోయినా సరే.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా ఇంటి యజమానురాలు. పెళ్లయిన కొత్తలో భువనగిరి పక్క పల్లె నుంచి వచ్చి, నాంపల్లి స్టేషను వెనక సందులో ఆమె ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. నేను సందు చివరి ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు చదువు చెప్పేదాన్ని. ఆ ఆవరణలో ఇంకా నాలుగైదు కుటుంబాలుండేవి. అందరికీ ఆమె పెద్దమ్మే. క్రైస్తవురాలు, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా వెనక పెరటిలో తూర్పు గోడకు పాకించిన ద్రాక్ష తీగలు.

ఆ తీగల సంగతి చెప్పాలి. పెద్దమ్మ భర్త ఆబిడ్స్‌లో ఒక ఫ్రెంచి ఇంజనీరు బంగళాలో వంట చేసేవాడట. ఆ దొర తన ఊరి ద్రాక్ష కొమ్మలను తడిగుడ్డలో చుట్టి, ఓడ మీద తెచ్చుకుని బంగళా తోటలో నాటుకున్నాడు. ఏటా కొద్దిగా వైను చేసుకునేవాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆయన పక్కన నిలబడి ఆ పని నేర్చుకున్నారు. దొర తన దేశానికి వెళ్లిపోయాక బంగళాలోకి వచ్చినవాళ్లు తోటను చదును చేయబోతుంటే, వీళ్లు కొమ్మలు కోసుకొచ్చి ఇంటి గోడవార నాటారు. ఆ ద్రాక్ష పేరు పీనో న్వార్. పెద్దమ్మ మాత్రం ‘పీనో’ అనేది, మేనకోడలి పేరు పలికినట్టు.

అంత గారాబపు ద్రాక్షను నేను ఇంకెక్కడా చూడలేదు. గుత్తి ముడిచిన పిడికిలంత ఉంటుంది. పండు నల్లగా, చిన్నగా, తోలు మహా పల్చన. ఎండ ఎక్కువైతే వాడిపోతుంది, అకాల వాన పడితే కుళ్లిపోతుంది. మన హైదరాబాదు ఎండలు దానికి సరిపడవు. దసరా దాటాక కొమ్మలు కత్తిరించి, చలికాలమంతా కాపలా కాసి, పాత చీరల ముక్కలు గుత్తులకు చుట్టి పిట్టల నుంచి కాపాడుకుంటే, మాఘమాసానికి కొన్ని గంపల పండు చేతికొచ్చేది. కొన్నేళ్లు అదీ లేదు. మొజంజాహీ మార్కెట్లో దౌలతాబాదు నల్ల ద్రాక్ష కుప్పలుగా దొరికేది కదా, అది కొని చేయరాదా అని ఒకసారి అడిగాను. ఆమె నవ్వి, ‘బిడ్డను కన్నదాన్ని పక్కింటి పిల్లగాణ్ణి ఎత్తుకోమన్నట్టుంది నీ మాట’ అన్నది.

పండు కోసిన రోజు ఆవరణలోని ఆడవాళ్లమంతా చేతులు కడుక్కుని కూర్చునేవాళ్లం. పుచ్చినవి ఏరి పారేసి, కాడలు తీసి, పండును జాడీల్లో వేసి చేత్తో చిదిమేవాళ్లం. గింజ నలగకూడదు, నలిగితే చేదు దిగుతుంది. మర్నాటికో ఆ మర్నాటికో రసం దానంతటదే పొంగడం మొదలుపెట్టేది. తొక్కలు పైకి తేలి తెట్టులా కట్టేవి. పొద్దునా సాయంత్రం వాటిని చేత్తో అడుగుకు అదమాలి, లేకపోతే పైన బూజు పడుతుంది. జాడీలు చల్లగా ఉండాలని తడి గోనెలు చుట్టేది. పొంగు ఆగాక మల్లు గుడ్డలో వడగట్టి పెద్ద గాజు బుడ్లలో పోసి, తన మంచం కింద ఇసుకలో నిలబెట్టేది. ఎండాకాలమంతా ఆ ఇసుక మీద నీళ్లు చిలకరించడమే ఆమె పని. మడ్డి అడుగున పేరుకున్నాక పైన తేటను సీసాల్లోకి తీసి, బిరడా కొట్టి, మైనం పూసేది. క్రిస్‌మస్‌కు గాని మొదటి సీసా తెరిచేది కాదు.

మా ఇంట్లో పెద్దలు కల్లు ఎరిగినవాళ్లే గాని ఇది నాకు కొత్త. మొదటిసారి ఒక ఆదివారం మధ్యాహ్నం, మటన్ కూరతో అన్నం తిన్న తర్వాత, అరచేతిలో ఇమిడేంత గాజు గ్లాసులో నాకు రవ్వంత పోసింది. గటుక్కున మింగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

‘జర ఆగు బిడ్డా. ముందుగాల ముక్కుకు పెట్టు. నోరు యాడికి పోతది?’

వాసన చూశాను. తడిసిన మట్టి, మాగిన నేరేడు, ఇంకేదో పూవు. తర్వాత నాలుక మీద కాస్త పులుపు, కాస్త వగరు, మింగాక చాలాసేపు పోని రుచి. రంగు మాత్రం దానిమ్మ గింజ రంగు, అవతలి వేళ్లు కనబడేంత పల్చన. మా ఆవరణ ముందు వాటాలో ఉండే పెద్దమనిషి ఒకాయన దీనికి రంగే లేదని ఎప్పుడూ వెక్కిరించేవాడు. ‘రంగు జూసి మురిసేటోళ్లకు సిరా పొయ్యుండ్రి’ అనేది పెద్దమ్మ. వెక్కిరిస్తూనే ఆయన రెండో గ్లాసుకు చెయ్యి చాపేవాడు. ఈయన్ని గుర్తుపెట్టుకోండి.

ఆమె దాన్ని అమ్మేది కాదు. బాలింతలకు రెండు చెంచాలు, చర్చి పెద్దలకు ఒక సీసా, మాకందరికీ పండుగకు తలా కాస్త. అంతే.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఓడలు ఆగిపోయాయి. ఆబిడ్స్ దుకాణాల్లో విదేశీ సీసాలు మాయమయ్యాయి. అప్పుడొచ్చాడు హోటలాయన. ఆబిడ్స్‌లో ఆయనకు పెద్ద హోటలు. దొరలూ నవాబులూ భోజనాలకు వచ్చే చోటు. పెద్దమ్మ చేతి సంగతి ఎవరో చెప్పారట. మిఠాయి బుట్టతో వచ్చి, వినయంగా పీట మీద కూర్చుని, గ్లాసు రుచి చూసి కళ్లు మూసుకున్నాడు. ఇటువంటిది పదిమందికీ తెలియాలని బతిమాలాడు. పెద్దమ్మ చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. సీసా మీద ‘నాంపల్లి ద్రాక్షారసం’ అని ఉండాలి. ఆ కాగితాలు నేనే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గుండ్రంగా రాసిచ్చాను. ఆయన వాటిని కళ్లకు అద్దుకుని మరీ తీసుకున్నాడు.

ఆ ఏడు శీతాకాలంలో మా ఆయన ఆఫీసు పెద్దదొరకు ఆ హోటల్లో వీడ్కోలు విందు జరిగింది. ఇంటికొచ్చిన మా ఆయన ముఖం అదోలా ఉంది. బల్ల మీద పెట్టిన సీసాకు ఫ్రాన్సు చీటీ అంటించి ఉందనీ, పోసిన రంగూ వచ్చిన వాసనా మన పెరటివేననీ, బిరడా మీద మైనం కూడా పెద్దమ్మ పూసినదేననీ చెప్పాడు. దొరలు తాగి, ఫ్రాన్సు ఫ్రాన్సే, ఈ దేశం నీళ్లకు ఈ రుచి ఎక్కడిదన్నారట.

మర్నాడు పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని టాంగాలో ఆబిడ్స్ వెళ్లింది. హోటలాయన మమ్మల్ని ముందు హాల్లోకి రానివ్వలేదు, వంటిల్లు పక్కన గదిలో కూర్చోబెట్టాడు. దొంగతనం పట్టుబడినందుకు సిగ్గేమీ పడలేదు.

‘నాంపల్లి అని రాస్తే ఎవరు ముడతరమ్మా? పేరుల ఏముంది? నీ సరుకు దొరలు మెచ్చుకున్నరు, ఖుషీ పడు. ఇంక జర ఎక్కువ చెయ్యి. మార్కెట్ల ద్రాక్షకు కొదవనా? కలుపు.’

పెద్దమ్మ గొంతు పెంచలేదు. ‘ముట్టకుంటే మానిరి. నా పీనో గోడ మీద పుట్టింది, గా గోడ నాంపల్లిల ఉంది. ఇంకోళ్ల పేరు పెట్టుకోనీకి అది తల్లిలేని పిల్ల గాదు’ అని లేచింది. ఆ రోజు నుంచి ఒక్క సీసా కూడా ఇవ్వలేదు.

ఆయన ఊరుకుంటాడా? చవక సారాలో రంగు, పంచదార పాకం, ఇంకేం కలిపాడో, అవే ఫ్రాన్సు చీటీలు అంటించి పోయించాడు. కొన్నాళ్లకు ఒక విందులో తాగినవాళ్లు వాంతులతో దవాఖానా పాలయ్యారు. విచారణ వచ్చింది. హోటలాయన వెంటనే మా సందు వైపు వేలు చూపించాడు. నాంపల్లిలో ఒక ముసలిది చేసి ఇస్తుంది, నన్ను మోసం చేసింది అన్నాడు.

విచారణ మనుషులు పొద్దున్నే వచ్చి మంచం కింద బుడ్లను బయటికి లాగారు. ఏడాది కష్టం. ఒక్కొక్కటే ఎత్తి మోరీలో పోశారు. వాళ్లలో ఒకడు పోసే ముందు గుక్కెడు తాగి, బాగుందని పక్కవాడికి అందించాడు. నా కళ్లతో చూశాను. విషమని పారబోయడానికి వచ్చినవాడు తాగి మూతి తుడుచుకున్నాడు.

ఆవరణలో అందరినీ అడిగారు. నేనూ మా ఆయనా ఉన్నది ఉన్నట్టు చెప్పాం. మేము కిరాయిదార్లం గనక ఆమె వైపే మాట్లాడతామని కొట్టిపారేశారు. ముందు వాటా పెద్దమనిషిని అడిగారు. ఆయన మాటకు విలువుంది. పెరటిలో ఏం జరుగుతుందో నాకేం తెలుసు, నేనటువంటివి ముట్టను అన్నాడు. ఆయన కోడలు బాలింతగా ఉన్నప్పుడు నెల పొడుగునా పెద్దమ్మే వెళ్లి చెంచాతో పోసింది. ఆ కోడలు తలుపు చాటున నిలబడి ఏడ్చింది గాని నోరు తెరవలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆయన మీద ఈ రోజుకీ తగ్గలేదు.

పెద్దమ్మను కచేరీకి పిలిచారు. వెళ్లే ముందు మా ఆయన ఒక పని చేశాడు. హోటలు వెనక తలుపు దగ్గర ఫ్రాన్సు చీటీ ఉన్న సీసా ఒకటి కొనుక్కొచ్చాడు. మా గదిలో పండుగకని దాచుకున్న పెద్దమ్మ సీసా ఒకటి మిగిలింది. రెండూ సంచిలో పెట్టుకుని ఆమె వెంట వెళ్లాం.

హోటలాయన అప్పటికే అధికారి ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. పెద్దమ్మకు కుర్చీ వేయలేదు. రెండు రకాలూ ఈమె చేసినవేనని ఆయన ప్రమాణం చేశాడు. పెద్దమ్మ రెండు సీసాలూ బల్ల మీద పెట్టించి, బిరడాలు తీయించి, రెండు గ్లాసుల్లో పోయించింది.

‘రెండూ నేనే జేసిన్నంటున్నడు గద. మంచిది. నేను రెండూ తాగుత. ఆయననూ తాగుమనుండ్రి.’

ఆమె ముందుగా తన గ్లాసు కాకుండా ఫ్రాన్సు చీటీ గ్లాసు నోటికెత్తుకుంది. నేను కెవ్వుమనబోయి చీర కొంగు కొరుక్కున్నాను. ఒక్క గుక్క మింగి, దించి, హోటలాయన వైపు జరిపింది. ఆయన దాన్ని వదిలి పెద్దమ్మ రసం ఉన్న గ్లాసు అందుకుని ఖాళీ చేశాడు. ఫ్రాన్సు చీటీది ముట్టలేదు. కడుపు బాగాలేదన్నాడు. డాక్టరు వద్దన్నాడన్నాడు. అధికారి కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. గుమాస్తా కలం ఆపాడు. ఆ గదిలో నిజం తెలియనివాడు లేడు.

అయినా ఏమైంది? హోటలాయనకు ఏమీ కాలేదు. పెద్దమ్మ మీద నేరం మోపలేదు, అదే గొప్ప దయ అన్నట్టు మాట్లాడారు. సర్కారు అనుమతి, అదే పరవానా, లేదు గనక ఇక ముందు ఒక్క జాడీ కూడా పెట్టకూడదని ఆజ్ఞ ఇచ్చి పంపారు. బయట మెట్ల మీద ఆమె కడుపు పట్టుకుని కూర్చుంది. రెండు రోజులు లేవలేదు. మూడో రోజు లేచి తీగకు నీళ్లు పెట్టింది.

ఆజ్ఞను ఆమె ఏ ఒక్క ఏడూ పాటించలేదు. ఏటా ఒక్క జాడీ పెట్టింది. ‘దేవుడు పండిచ్చిండు, పరవానా ఆయన్నడుగుమను’ అనేది. నవ్వేది కూడా. ఆ నవ్వు నాకు చేతకాదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నమే సమాధి చేశాం. సమాధుల తోటకు హోటలాయన మోటారులో వచ్చాడు. చుట్టూ చేరినవాళ్లకు, ఆమె చేతి రసం ఫ్రాన్సులో కూడా దొరకదని, తానే మొదట గుర్తించానని చెప్పాడు. ముందు వాటా పెద్దమనిషి పక్కన నిలబడి తల ఊపాడు. హోటలాయన తెల్లపూల చక్రం ఒకటి శవపెట్టె మీద పెట్టించాడు. నేను వెళ్లి అది తీశాను. తీసుకెళ్లి ఆయన మోటారు వెనక సీటు మీద పడేశాను. పాస్టరుగారు చూసి ప్రార్థన పుస్తకంలో పేజీ తిప్పారు. హోటలాయన, ఏందమ్మా ఇది, చావు కాడ గిట్లనా అన్నాడు.

‘ఔ. గిట్లనే’ అన్నాను. ‘నీ పూల మీద ఏ చీటీ ఉందో ఎవరికెరుక?’

ఇంతకంటే గొప్ప మాట నాకు తోచలేదు. ఇంటికొచ్చాక వంద తోచాయి.

సాయంత్రం అందరూ వెళ్లిపోయారు. ఆమె గది తలుపు తీస్తే పులిసిన పండు వాసన గుప్పుమంది. ఈ ఏటి పండు ఆమె పోయే ముందు వారంలోనే కోశాం. జాడీ మూల ఉంది, గోనె ఎండిపోయింది. పొద్దుటి నుంచి ఎవరూ చెయ్యి పెట్టలేదు. గోనె తడిపి చుట్టాను. కొంగు నడుముకు దోపి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మూత గుడ్డ విప్పాను. ఇది అచ్చులో చదివి ఆ విచారణ మనుషులు మళ్లీ రాదలచుకుంటే రావచ్చు, తలుపు తీసే ఉంటుంది. తొక్కలు పైన దట్టంగా అట్టకట్టి వెచ్చగా ఉన్నాయి. అరచేయి ఆనించి అడుగుదాకా అదిమాను. బుడగలు చేతి చుట్టూ చిటపటమంటూ పైకొచ్చాయి. చెయ్యి తీసేలోపే తొక్కలు ఒకటొకటిగా మళ్లీ పైకి లేవసాగాయి.