ఏడుగురు లాలీల జాబితా

తొంభై నాలుగులో నేను మిర్యాలగూడలోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో అటెండర్‌ని. ఎరువుల దుకాణం మీద రెండు గదులు. ఒక గదిలో పెద్ద కంప్యూటరు, దానికి తీగలతో కలిపిన రెండు తెరలు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. రెండో గదిలో కాగితాలూ నేనూ, చెక్క అడ్డు వెనక సెంటర్ నడిపే మా సారు. మా ఆయన సూర్యాపేటలో లారీ మీద పనిచేసేవాడు. ఆయన పోయాక మా అన్న నన్ను మిర్యాలగూడకు తెచ్చి రైసు మిల్లులో పెట్టించాడు. ఆరేండ్లు నూకలు చెరిగాను. ఆ దుమ్ముకు పోయిన గొంతు మళ్లీ రాలేదు, ఇప్పటికీ నేను మాట్లాడితే రంపం కోసినట్టే ఉంటుంది. దగ్గు పడలేక సెంటర్‌లో చేరాను. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది.

ఊడవడం, నీళ్లు పట్టడం, చాయ్ తేవడం నా పని. కానీ అసలు పని కాగితం. ప్రింటరులోంచి కాగితం తెగకుండా ఒకదాని వెంట ఒకటి మడతలు మడతలుగా వచ్చేది. రెండు అంచుల్లో చిల్లుల పట్టీలుండేవి. వాటిని చింపి, షీట్లు విడదీసి, ఊరి పేరున ఒక్కో కట్ట కట్టి దారం వేసేదాన్ని. కట్ట చేతిలో పెడితే ఎన్ని షీట్లో చెప్పగలిగేదాన్ని. మిల్లులో చేటను తూచి తూచి వచ్చిన అలవాటు అది.

కంప్యూటరు మీద కూర్చునేది శారద. కోదాడ పిల్ల, పెండ్లి కాలేదు, రోజూ బస్సులో వచ్చిపోయేది. ఊళ్లలో పేర్లు రాసుకొచ్చినవాళ్ల కాగితాలు మాకు వచ్చేవి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, కోరిన పద్ధతిలో మార్చి, అచ్చువేసి ఇవ్వాలి. ఒక్కో పేరును చేత్తో దిద్దుతూ కూర్చుంటే ఏడాది పడుతుంది. అందుకని శారద సెడ్ అనే కమాండ్ వాడేది. కమాండ్ అంటే కంప్యూటరుకు ఒక వరుసలో రాసి ఇచ్చే హుకుం. ఇలాంటి తీరు కనబడితే అలా మార్చు అని సెడ్‌తో ఒక్కసారి చెబితే, వెయ్యి పేర్లనూ చాయ్ చల్లారేలోపు మార్చేసేది.

ఆ తీరును చెప్పే వరుసను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారని శారద చెప్పింది. అందులో మాటలకంటే గుర్తులే ఎక్కువ. ఇంగ్లీషు బాగా వచ్చిన మా సారు దాన్ని చూస్తే ముఖం తిప్పుకునేవాడు. నాకు మాత్రం సరదాగా ఉండేది. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా గుర్తులు గుర్తుపెట్టుకోవచ్చు కదా. చుక్క అంటే ఏదో ఒక అక్షరం, ఏదైనా సరే. నక్షత్రం అంటే దాని ముందున్నది ఎన్నిసార్లుంటే అన్నిసార్లు. చుక్క పక్కన నక్షత్రం పెడితే ఇక దాని ఆకలికి అంతుండదు, ఎంతవరకు తినగలిగితే అంతవరకు తింటుంది. ఏటవాలు గీతతో బ్రాకెట్ పెడితే మనం కొంగున ముడి వేసుకున్నట్టు. ముడిలో పెట్టినది పోదు, కావలసిన చోట విప్పుకోవచ్చు. శారద పలక పట్టి నేర్పినట్టు నేర్పేది. తప్పు చెబితే నవ్వేది, నేనూ నవ్వేదాన్ని.

ఆ ఎండాకాలం బియ్యం కార్డుల జాబితాలు వచ్చాయి. కంప్యూటరులో ఒక్కో మనిషికి ఒక వరుస ఉండేది. ముందు పేరు, తర్వాత ఆడమనిషైతే వైఫాఫ్, అంటే ఫలానావాడి భార్య అని భర్త పేరు, మగమనిషైతే తండ్రి పేరు, ఒక కామా, వయసు, ఇంకో కామా, చివర ఇంటి నంబరు. కార్డుల ఫారంలో మాత్రం పేరుకూ ఇంటి నంబరుకూ రెండే గడులు. కనుక వైఫాఫ్ నుంచి చివరి కామా దాకా మొత్తం తినేయమని శారద చుక్కా నక్షత్రం పెట్టింది. భర్త పేరు పోయింది, మగవాళ్లకైతే తండ్రి పేరు పోయింది, వయసు పోయింది. తర్వాత సార్ట్ అనే ఇంకో కమాండ్. అచ్చం ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటి ఉంచి మిగతావి తీసేస్తుంది. అదీ అవసరమే. రాసేవాళ్లు కొన్ని ఇండ్లకు రెండుసార్లు వెళ్లడంతో ఒకే మనిషి రెండు చోట్ల వచ్చేది.

వేములపల్లి అవతల ఒక తండా ఉంది. దాని కట్ట నా చేతికి వచ్చేసరికి ఏదో తేడా తెలిసింది. మార్చకముందు అచ్చువేసుకున్న కట్ట పదకొండు షీట్లు. ఇది నాలుగు. పక్క ఊరి కట్ట ఇరవై నుంచి పందొమ్మిదికి తగ్గిందంతే. రెండు కట్టలూ పట్టుకుని శారద దగ్గరికి వెళ్లాను. డూప్లికేట్లు పోయాయి అంది. మిల్లులో తవుడు పోతే పోయింది కానీ బియ్యం ఇంత పోతే మేస్త్రీ ఊరుకోడు అన్నాను. మూడు గంటలకు జాబితాలకోసం సర్కారు జీపు వస్తుందని, అవి పోయాక ఎవరి పేరు లేకపోయినా వాళ్లే ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందేనని, ఇప్పుడు పరేషాన్ చేయవద్దని సారు లోపలినుంచే అన్నాడు.

అప్పుడే లాలి మెట్లెక్కి వచ్చింది. ఆ తండా మనిషే. వారానికోసారి చీపుర్లు అమ్మడానికి మిర్యాలగూడ వచ్చేది, సెంటర్‌కు చీపురు ఆమె దగ్గరే కొనేదాన్ని. జాబితాలో లాలి ఉందా చూడమన్నాను. శారద చూసింది. బానోతు లాలి, ఇంటి నంబరు నిల్. ఉంది. ఒక్కటే ఉంది.

"మీ తండాల లాలీలు ఎంతమందే?" అని అడిగాను.

"నాతోటి ఏడుగురం. ఏందక్కా, ఏడుగురి కాడ చీపుర్లు కొంటవా?"

"అందరూ బానోతులేనా?"

"తండాంత బానోతులే. ఇంకేం పేరుంటది?"

ఏం జరిగిందో శారదకు అప్పుడు తెలిసింది, మాకూ చెప్పింది. ఊళ్లలో ఇంటి పేర్లు వేరువేరుగా ఉంటాయి, తలుపు మీద నంబరు ఉంటుంది. తండాలో ఇంటి పేరు అందరిదీ ఒకటే, గుడిసెలకు నంబర్లు లేవు. లాలిని లాలి నుంచి వేరు చేసేది భర్త పేరు. సరిగ్గా దాన్నే మా చుక్కా నక్షత్రం తినేసింది. ఏడుగురు అచ్చం ఒక్కలా అయ్యారు, సార్ట్ ఆరుగురిని తీసి పారేసింది.

ఇది విని లాలి చీపుర్ల మోపు కింద పెట్టి, దాని మీదే కూర్చుంది. ఇంట్లో నలుగురు తినేవాళ్లు, కార్డు లేకపోతే బజారు బియ్యం కొనే దారి లేదని చెప్పింది. పేరు ఎక్కేదాకా కదలను అంది. గడియారం పన్నెండున్నర దాటింది. సారు బయటకు వచ్చి, కట్టలు రెండూ చూసి, జీపువాళ్లకు చాయ్ ఇప్పించైనా ఆపుతానన్నాడు.

ఈసారి భర్త పేరును శారద ముడిలో పెట్టింది. వైఫాఫ్ నుంచి కామా దాకా ముడి, తండాలో ఇంటి నంబర్లు ఎలాగూ లేవు కనుక తర్వాతదంతా పారేయమని చెప్పింది. అచ్చువేస్తే ఏడుగురు లాలీలు వచ్చారు. నేను చప్పట్లు కొట్టబోయాను. కానీ శారదకు నచ్చలేదు. భర్త పేరు వెనక వయసు కూడా అతుక్కుని వచ్చింది. ఆకలి నక్షత్రం మొదటి కామా దగ్గర ఆగక రెండో కామా దాకా పోయిందట. ముడిలో ఎక్కువ సరుకు పడింది. ఫారంలో వయసుకు గడి లేదు కనుక, కామా కానివి మాత్రమే తినమని నక్షత్రానికి కళ్లెం వేసింది. మొదటి కామా రాగానే ఆగాలి. పని శుభ్రంగా అయింది, వయసు పోయింది, అచ్చు చక్కగా వచ్చింది. లాలీలు ఆరుగురు.

"ఇందాక ఏడు కదనే" అన్నాను.

"తప్పుగా రాసినప్పుడు ఏడు వచ్చారు, సరిగ్గా రాస్తే ఆరొచ్చారు. ఇదేంటక్కా?" అంది శారద.

లాలిని పిలిచి వరసగా చెప్పమన్నాము. వేళ్లు మడిచి మొదలుపెట్టింది. రామ్లా పెండ్లాం, సోమ్లా పెండ్లాం, మేకల భీక్యా పెండ్లాం, ఇలా ఐదుగురు అయ్యారు.

"ఇగ పెద్ద హీర్యా పెండ్లాం లాలి. నేను సిన్న హీర్యా పెండ్లాం లాలి."

"కాగితం మీద పెద్దా సిన్నా లేదు. ఇద్దరు హీర్యాలే" అన్నాను.

"అంటే నాకూ ఆ ముసల్దానికీ ఒక్క కార్డా? మేక పంచాయితీ అయినప్పటిసంది మాకు మాటల్లేవు. కార్డొకటైతే పొయ్యి గూడ ఒకటి పెడ్తరా ఏంది?"

శారదకు నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. లాలి మాత్రం నవ్వలేదు, నవ్వే సంగతీ కాదు. నేను తెర మీది కమాండ్ వైపు వేలు చూపి, కళ్లెం తీసేయమన్నాను. ఇద్దరు హీర్యాల లాలీలను వేరు చేసేది వయసొక్కటే. ఒకరికి అరవై, ఒకరికి ముప్పై నాలుగు. ఆ నక్షత్రం ఆకలికొద్దీ లాక్కొచ్చింది చెత్త అనుకున్నాం కానీ, ఈ మనిషి గుర్తు అందులోనే ఉంది. ఫారంలో గడి లేకపోతే పేరు గడిలోనే చిన్న అక్షరాలతో ఇరికిద్దామంది శారద. సారు సరే అన్నాడు.

కళ్లెం తీసింది. ఏడుగురు. మగవాళ్ల వరుసల్లోనూ తండ్రి పేరు, వయసు అలాగే ఉంచింది. తండా మొత్తం మళ్లీ వేస్తే పది షీట్లు వచ్చాయి. నిజంగా రెండుసార్లు రాసినవాళ్లు మాత్రమే పోయారు. ఇంకో రెండు తండాల కట్టలూ అలాగే మళ్లీ వేశాం. చిల్లుల పట్టీలు చింపడానికి శారద ఒక పక్క, లాలి ఇంకో పక్క. లాలి చింపితే కొన్ని షీట్లు నడిమికి చిరిగాయి, వాటిని అంటించాం. జీపు వచ్చేసరికి మా ఒళ్లంతా కాగితపు ముక్కలే.

వానాకాలం మొదట్లో లాలి కార్డు పట్టుకుని మెట్లెక్కింది. శారద చేత చదివించుకుంది. వయసు దగ్గరికి వచ్చేసరికి ఆపమంది.

"ముప్పై నాలుగు ఎవలు జెప్పిన్రు? నాకే తెల్వదు. ఆ రాసేటాయన నా మొకం సూసి రాసుకున్నడు. ముసల్దానికి అరవై అంటే తిట్టిపోసిందంట, నాకు యాభై గూడ లేవని."

అంటే మేము ఏ అంకెను నమ్ముకుని ఇద్దరినీ వేరు చేశామో, అది ఒకాయన గుడిసె ముందు నిలబడి తోచినంత రాసుకున్నది. లాలి కార్డు కొంగులో చుట్టుకుని, ముప్పై నాలుగే ఉండనీ, దిద్దవద్దు అని చెప్పి దిగిపోయింది.

ఆ పనిలో ఇంకో ఎనిమిదేండ్లు ఉన్నాను. ఆ తర్వాత శారద ఏ వరుస రాసినా మీట నొక్కే ముందు నేను అడిగేదాన్ని: ఈసారి ఏం పారేస్తున్నవ్, అది ఎవరిది అని. మొదట్లో విసుక్కునేది, తర్వాత నేను అడగకముందే చెప్పేది. ఇప్పుడు కోదాడలో తనే పిల్లలకు నేర్పుతోంది. కమాండ్ రాయడం ఎట్లాగో ఆమె చెబుతుంది. నాకు తెలిసింది ఇంతే: అంకె తప్పైనా పరవాలేదు, మనిషి కాగితం మీద ఉండాలి. తప్పు రేపైనా దిద్దవచ్చు, తీసేసిన మనిషిని వెతకాలంటే మెట్లెక్కి ఆమే రావాలి.